గుండె ఆగి చచ్చిపోయాడట! ఆపిందెవరు?

"గుండె ఆగి చచ్చిపోయాడు."

ఈ మాట మేము వినీ వినీ విసిగిపోయాం. స్టేషన్‌కి తన కాళ్ల మీద నడిచి పోయినవాడు తెల్లారేసరికి శవమై వస్తే ఇదే మాట. చెట్టుకి కట్టేసి కొట్టినవాడు సాయంత్రానికి ప్రాణం వదిలితే ఇదే మాట. "మేం కొట్టింది రెండు దెబ్బలే, వాడిదే పిరికి గుండె" అంటారు. డాక్టరుగారు కాగితం మీద అదే రాసి సంతకం పెడతారు. ఇంక నోరెత్తడానికి లేదు. దహనానికో ఖననానికో తొందరపెడతారు. మూడో రోజుకి ఊరు సద్దుమణుగుతుంది.

అయ్యా, మేమొకటి అడుగుతాం. గుండె ఆగకుండా చచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. పాము కరిచినా గుండె ఆగుతుంది. ఉరేసుకున్నా ఆగుతుంది. నూరేళ్లు బతికి నులకమంచం మీద కన్నుమూసినా ఆగుతుంది. గుండె ఆగడమంటేనే చావు. చావుకి కారణం చావే అని రాసిచ్చే చదువు మీరెక్కడ చదివారు? ఆసుపత్రిలో పోయినవాళ్లకి మరణ కారణం రాసిచ్చే నాలుగో నంబరు ఫారం ఉంది గదా, దాని మీదే అచ్చేసి ఉంది: హార్ట్ ఫెయిల్యూర్ లాంటి పోయిన తీరు రాయొద్దు, చావు తెచ్చిన జబ్బో గాయమో రాయండి అని. సర్కారు తన ఫారం మీద తానే అచ్చేసిన మాట. అది మా దగ్గరికొచ్చేసరికి ఎవరి కంటికీ కనపడదు.

అందుకే ఈసారి గుండె గురించి రాస్తున్నాం. కవులు రాసే గుండె కాదు. రొమ్ములో గుప్పెడంత ఉండే కండరం. భయం, దుఃఖం, అవమానం ఆ కండరాన్ని ఏం చేస్తాయో వైద్యశాస్త్రం కనిపెట్టి చాలా కాలమయింది. అది మన వాడల్లోకి రాలేదు. రానియ్యలేదు. మనకి తెలియనంత కాలం వాళ్లు రాసిందే రాత అవుతుంది.

వరండాలో కూర్చున్న అమ్మ

మాకు తెలిసిన ఒక అమ్మ సంగతి. పేరు రాయం, ఊరు రాయం. ఆమె ఇంకా అక్కడే బతకాలి. యాభై అయిదేళ్లుంటాయి. కొడుకుని దొంగతనం కేసని తీసుకుపోతే వెనకాలే పోయి స్టేషన్ వరండాలో కూర్చుంది. లోపల్నుంచి కొడుకు కేకలు. ఒక గంట, రెండు గంటలు. ఉన్నట్టుండి రొమ్ము మీద రోకలి పెట్టి నొక్కినట్టయింది. ఒళ్లంతా చెమట. ఊపిరాడలేదు. "ఏందే, నాటకాలా?" అన్నాడు కానిస్టేబులు.

మనవాళ్లు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. ఇ.సి.జి. తీసి గుండెపోటన్నారు. పెద్దాసుపత్రికి పంపితే అక్కడ యాంజియోగ్రామ్ తీశారు. "నాళాలు శుభ్రంగా ఉన్నాయి. నీకేం లేదు. టెన్షన్ పడబాకమ్మా" అని నిద్రమాత్రలిచ్చి పంపేశారు. "ఏం లేకపోతే నాకీ ఆయాసమేంది బాబూ?" అని ఆమె అడిగింది. జవాబు లేదు. గుండె ఎట్లా కదులుతోందో చూసే ఎకో పరీక్ష ఆ రోజు ఎవరూ చెయ్యలేదు.

ఆమెకొచ్చింది మేము చెప్పబోయే జబ్బేనని మేము ప్రమాణం చెయ్యలేం. పరీక్ష చెయ్యలేదు గనక. కానీ ఆ జబ్బు కాదని వాళ్లూ చెప్పలేరు. చూడకుండానే "ఏం లేదు" అన్నారు. మా ఫిర్యాదు అక్కడే మొదలవుతుంది.

కుండ పేరున్న జబ్బు

1990లో జపాన్‌లోని హిరోషిమాలో సాతో అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు ఒక వింత జబ్బుని గురించి రాశారు. రోగికి గుండెపోటు లక్షణాలన్నీ ఉంటాయి. నొప్పి, ఆయాసం, ఇ.సి.జి.లో మార్పులు. తీరా చూస్తే ఆ పోటుకి కారణమయ్యే అడ్డు గుండె నాళాల్లో కనపడదు. కానీ ఎడమ జఠరిక కింది కొన కదలకుండా పడి ఉంటుంది. పైభాగం గట్టిగా ముడుచుకుంటుంది, కొన బుడగలా ఉబ్బుతుంది. మెడ సన్నం, పొట్ట గుండ్రం. అక్కడి జాలర్లు ఆక్టోపస్‌ని పట్టడానికి సముద్రంలోకి దించే కుండ అచ్చం ఇట్లాగే ఉంటుంది. దాని పేరు టాకోట్సుబో. జబ్బుకీ ఆ పేరే పెట్టారు. కష్టజీవుల కుండ పేరు పెట్టుకున్న జబ్బు ఇది.

2004 అక్టోబరులో జపాన్‌లోని నీగాటాలో భూకంపం వచ్చింది. తర్వాత రోజుల్లో ఆ చుట్టుపక్కల ఈ జబ్బు కేసులు ఒక్కసారిగా పెరిగాయి. ఎక్కువమంది ఆడవాళ్లే. భూకంపం వాళ్ల గుండె నాళాల్లో కొవ్వు పెట్టలేదు. భయం పెట్టింది. అక్కడి డాక్టర్లు "ఏం లేదు పొండి" అనలేదు. లెక్కబెట్టి రాశారు.

లోపల జరిగేదేమిటి?

భయం పుట్టేది మెదడులో. ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం హైపోథలమస్‌కి కబురు పెడుతుంది. అక్కడి నుంచి రెండు దారులు. ఒకటి, నరాల దారిన కబురు నేరుగా గుండెకి చేరి అక్కడి నరాల కొసల్లోంచి నార్ అడ్రినలిన్ ఊరుతుంది. రెండోది, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ రక్తంలోకి వచ్చి పడుతుంది. పారిపోవడానికో తిరగబడడానికో ప్రకృతి మనిషికిచ్చిన ఏర్పాటు ఇది. బాగానే ఉంది. మరి రెక్కలు విరిచి కట్టినవాడు ఎటు పారిపోవాలి? వరండాలో కూర్చున్న తల్లి ఎవరి మీద తిరగబడాలి?

గుండె కణాల మీద బీటా గ్రాహకాలని ఉంటాయి. తలుపులనుకోండి. అడ్రినలిన్ మామూలు మోతాదులో ఆ తలుపు తడితే కణంలో కాల్షియం కదులుతుంది, గుండె గట్టిగా కొట్టుకుంటుంది. మెట్ల మీద పరిగెత్తినప్పుడు దడదడలాడేది అందుకే. మోతాదు మరీ మించితే సంగతి మారుతుంది. బీటా-2 అనే తలుపు వెనక రెండు రకాల ప్రొటీన్లున్నాయి. జి.ఎస్. అనేది "ఇంకా గట్టిగా కొట్టుకో" అంటుంది. జి.ఐ. అనేది "చాలు, తగ్గు" అంటుంది. వరదలా వచ్చిన అడ్రినలిన్ తాకిడికి తలుపు మొదటిదాన్ని వదిలి రెండోదాన్ని పట్టుకుంటుంది. బీటా గ్రాహకాలు గుండె కొనలో దట్టంగా ఉంటాయని జంతువుల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. అందుకే కొన చచ్చుబడుతుందని ఈ వాదం చెబుతుంది.

2012లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు ఎలుకలకి అడ్రినలిన్ పెద్ద మోతాదులో ఎక్కించి దీన్ని పరీక్షించారు. కొన చచ్చుబడింది. జి.ఐ. దారిని మూసేసి మళ్లీ ఎక్కించారు. ఈసారి కొన చచ్చుబడలేదు. కానీ ఎలుకలు ఎక్కువ చచ్చాయి. అంటే ఏమిటి? కొన కదలకుండా ఉండిపోవడం గుండె పిరికితనం కాదు. ముంచుకొచ్చే అడ్రినలిన్ నుంచి ప్రాణం కాపాడుకోడానికి గుండె చేసే పని అయ్యుండొచ్చు. "పిరికి గుండె" అన్న పెద్దమనుషులు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

ఇదొక్కటే కాదు. గుండె గోడలోని సన్నని నాళాలు బిగుసుకుపోయి రక్తం అందకపోవడం ఉంది. కాల్షియం పొంగి కండరపు పోగులు దెబ్బతినడం ఉంది. తర్వాత వచ్చే వాపు ఉంది. ఏది ముందు, ఏది వెనక అన్న దాని మీద శాస్త్రవేత్తల్లో వాదం ఇంకా నడుస్తోంది. మేము దాచం. కానీ అడ్రినలిన్ జాతి రసాయనాల వరద ఈ కథకి నడుమ ఉందన్న దాని మీద మాత్రం పెద్ద తగాదా లేదు. 2005లో అమెరికా జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు ఇలాంటి రోగులు 19 మందిని గురించి రాశారు. 18 మంది ఆడవాళ్లు. వాళ్ల రక్తంలో అడ్రినలిన్, తీవ్రమైన మామూలు గుండెపోటు వచ్చినవాళ్ల కంటే మూడు రెట్లకి పైగా ఉంది. "టెన్షన్ పడబాకమ్మా" అన్న మాట వెనక ఉన్న రసాయనం ఇదీ. ఆమె కావాలని పడలేదు. పెట్టినవాళ్లున్నారు.

ఇంకో సంగతి. 2021లో బోస్టన్ డాక్టర్లు, వేరే పని మీద మెదడు స్కాన్ తీయించుకున్న 104 మంది పాత స్కాన్లు తీసి చూశారు. వాళ్లలో 41 మందికి తర్వాత ఈ జబ్బు వచ్చింది. అమిగ్డలా పని ఎక్కువగా ఉన్నవాళ్లకి జబ్బు ముప్పు ఎక్కువగా, ఇంకా తొందరగా వచ్చినట్టు తేలింది. అంటే ఆ ఒక్క రోజు పిడుగు ఒకటే కాదు, అంతకు ముందు ఏళ్ల తరబడి మెదడు ఎంత కాగిందన్నదీ లెక్కలోకొస్తుంది. పొద్దున లేస్తే ఎవడేం అంటాడో, బావి దగ్గర ఏమవుతుందో, బడిలో బిడ్డని ఎక్కడ కూర్చోబెడతారో అని కాగే మెదళ్లు ఈ దేశంలో ఎన్ని కోట్లున్నాయి? వాటి స్కాన్లు ఎవరు తీశారు?

కొట్టి చంపితే గుండెలో గుర్తు మిగులుతుంది

1942లో వాల్టర్ కానన్ అనే అమెరికా శాస్త్రవేత్త, భయంతో మనిషి చచ్చిపోగలడని రాశాడు. గూడెంలో శాపం పెట్టారని తెలిసి నీరుగారి పోయినవాళ్ల కథల్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకుండా, శరీరంలో ఏం జరుగుతుందో చూడాలన్నాడు.

1980లో సెబెలిన్, హిర్ష్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు ఇంకా ముందుకు పోయారు. దెబ్బలు తిని చచ్చిపోయిన 15 మంది గుండెల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. ఈ 15 మందికీ ప్రాణం తీసేంత లోపలి గాయాలు లేవు. మన దగ్గరయితే "గుండె ఆగి" అని రాసి ఫైలు మూసేవాళ్లు. వాళ్లు మూయలేదు. 15 మందిలో 11 మంది గుండె కండరంలో పోగులు అడ్డంగా పట్టీలు పట్టీలుగా బిగుసుకుని దెబ్బతిని ఉన్నాయి. అడ్రినలిన్ జాతి రసాయనాలు ముంచెత్తితే కనపడే తరహా దెబ్బ అది. అదే వయసులో, అంతే గుండె జబ్బుతో వేరే కారణాల వల్ల పోయినవాళ్ల గుండెల్లో అది దాదాపు కనపడలేదు.

పదిహేను మంది చిన్న లెక్కే. ఆ పట్టీలు వేరే కారణాల వల్ల కూడా రావచ్చు. అవి కనపడినంత మాత్రాన హత్య రుజువైపోదు. కానీ చూస్తేగదా తెలిసేది? ఎకోలో కదిలే గుండెలో కనపడే కుండ ఆకారం ఆగిపోయిన గుండెలో దొరకదు. గుండె ముక్క తీసి, స్లైడు చేసి, సూక్ష్మదర్శిని కింద చూడాల్సిందే. మన జిల్లాల్లో దెబ్బలు తిని పోయిన ఎంతమంది కూలివాళ్ల గుండె ముక్కలు సూక్ష్మదర్శిని దాకా పోయాయి?

"పగిలిన గుండె" అనే ముద్దు పేరు

ఈ జబ్బుకి ఇంగ్లీషు పేపర్లు "పగిలిన గుండె జబ్బు" అని ముద్దు పేరు పెట్టుకున్నాయి. భర్త పోతే భార్య పోయిందని, ప్రేమ విఫలమయిందని కథలు. దుఃఖం అందరిదీ దుఃఖమే, మేము కాదనం. కానీ దీన్ని ప్రేమకథగా మార్చితే లాఠీ కనపడదు, ఊరి పంచాయితీ కనపడదు.

2015లో అచ్చయిన పెద్ద లెక్క ఒకటుంది. 1750 మంది రోగులు. నూటికి దాదాపు 90 మంది ఆడవాళ్లు, సగటు వయసు 66 దాటింది. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ తగ్గడం ఒక కారణం కావచ్చంటారు. 27.7 శాతం మందికి మనసుకి తగిలిన దెబ్బ, 36 శాతం మందికి శరీరానికి తగిలిన దెబ్బ లేదా జబ్బు కారణం. 28.5 శాతం మందికి ఏ కారణమూ దొరకలేదు. శరీరానికి తగిలిన దెబ్బే ఎక్కువన్న సంగతి ముద్దు పేరులో మాయమైపోయింది. చాలామంది రోజుల్లో, వారాల్లో కోలుకుంటారు. కానీ ఆసుపత్రిలోనే నూటికి నలుగురు పోయారు. "ఏం లేదు" అనగల జబ్బేనా ఇది?

ఆ 1750 మంది యూరపు, అమెరికా ఆసుపత్రుల రోగులు. మన దేశపు ఆసుపత్రి అందులో ఒక్కటీ లేదు. మన ఆడవాళ్ల గుండెలు రాయితో చేసినవనా? కాదు. మన దగ్గర దానికి వేరే పేర్లున్నాయి. గ్యాసు, హిస్టీరియా, దయ్యం, నాటకం.

కొత్త మాట కొత్త ముసుగు కాకూడదు

ఇక్కడ మనవాళ్లని ఒక సంగతి హెచ్చరిస్తాం. రేపు ఎవడో తెలివైన వకీలు ఈ జబ్బు పేరునే కోర్టులో పట్టుకొస్తాడు. "అయ్యా, వాడు మా దెబ్బలకి చావలేదు. టాకోట్సుబోతో చచ్చాడు. సైన్సే చెబుతోంది" అంటాడు. పాత ముసుగు "గుండె ఆగింది", కొత్త ముసుగు జపాన్ మాట. మోసపోవద్దు.

చట్టంలో దీనికి జవాబుంది. జబ్బుతోనో బలహీనతతోనో ఉన్న మనిషికి శరీర గాయం చేసి అతని చావుని తొందరచేస్తే, చావు తెచ్చింది గాయం చేసినవాడే. పాత ఐ.పి.సి. 299 వివరణలో ఉన్న మాటే 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 100వ సెక్షన్ వివరణలోనూ ఉంది. గుండె మెత్తనిదా గట్టిదా అన్నది కొట్టినవాడికి సాకు కాదు. ఇంకోటి. ఒక మనిషికి నొప్పి గానీ, జబ్బు గానీ, బలహీనత గానీ కలిగిస్తే అది గాయపరచడమే అంటుంది 114వ సెక్షన్. వాడికి ఉద్దేశం ఉందా, ఎరుక ఉందా అన్నది కోర్టు తేల్చాలి. తేల్చడానికి ముందు కాగితం మీద నిజం ఉండాలి గదా!

1989 అత్యాచారాల నిరోధక చట్టం మనని అవమానించడం నేరమంది. అవమానమూ భయమూ ఒంటికి గాయం చెయ్యగలవని వైద్యం అంటోంది. చట్టానికి తెలుసు, వైద్యానికి తెలుసు. తెలియనిది కాగితం రాసే చేతికే.

మేము అడిగేది

చనిపోయిన ప్రతివాడూ ఈ జబ్బుతోనే పోయాడని మేము అనడం లేదు. ముసలితనంతో పోయేవాళ్లున్నారు, నాళం మూసుకుని పోయేవాళ్లున్నారు. అబద్ధం మీద కట్టిన కేసు మన మెడకే చుట్టుకుంటుంది. మేము అడిగేది ఒక్కటే. చూడండి. చూసి రాయండి.

ఒకటి. నిర్బంధంలోనో దెబ్బల తర్వాతో పోయిన మనిషి కాగితం మీద "గుండె ఆగి" అన్న ఒక్క ముక్కతో సంతకం పెట్టొద్దు. ఎందుకు ఆగిందో రాయాలి. తెలియకపోతే తెలియలేదని రాయాలి.

రెండు. అలాంటి ప్రతి శవపరీక్షలో గుండె కండరాన్ని సూక్ష్మదర్శిని పరీక్షకి పంపాలి. కస్టడీ చావుల్లో శవపరీక్ష వీడియో తీయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1995లోనే రాష్ట్రాలకి చెప్పింది. ఆ వీడియో, ఆ నివేదిక చనిపోయినవాడి ఇంటివాళ్ల చేతికి రావాలి.

మూడు. నాళాలు శుభ్రంగా ఉన్నాయని తేలిన ఆడమనిషిని "ఏం లేదు" అని పంపొద్దు. ఎకో చెయ్యాలి. ఆ ముందు రోజు ఏం జరిగిందమ్మా అని అడగాలి. ఆమె చెప్పింది కేసు షీటు మీద రాయాలి.

నాలుగోది మనకి. అన్నలారా, అక్కలారా! మన మనిషి స్టేషన్ ముందు రొమ్ము పట్టుకుని కూలబడితే నాటకం అనే మాట మన నోట రానియ్యొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. ఇ.సి.జి. కాగితం, ఎకో కాగితం నకలు అడిగి దాచుకోండి. ఎన్ని గంటలకి నొప్పి వచ్చింది, అంతకు ముందు ఎవరేం చేశారు, ఎవరు చూశారు, అన్నీ ఆ రాత్రే రాసి పెట్టుకోండి. మనిషి పోతే, ఇంటివాళ్లు ఏం చూశారో శవపంచనామాలో రాయించండి. తెల్ల కాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దు. తొందరపెట్టినా శవపరీక్ష కాకుండా శవాన్ని కదలనియ్యొద్దు.

ఆ అమ్మ ఇప్పుడూ నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతుంది. స్టేషన్ ఉన్న వీధిలోంచి పోదు, చుట్టుతిరిగి పోతుంది. ఆమె కేసు షీటు మీద ఆ రోజు ఆమె ఎక్కడ కూర్చుందో, ఏం విన్నదో ఒక్క ముక్క లేదు. ఆ ముక్క రాయించడమే మన పని.

గుండె ఆగిందని ఇంక మాకు చెప్పొద్దు. అది మాకూ కనపడుతుంది. ఆపిందెవరో రాయండి.